కంకర పిన్ని పోసిన దారి

ఇసుక మంచిదో కాదో తేల్చడానికి కంకర పిన్ని దాన్ని నోట్లో వేసుకుంటుంది. లారీ గేటు దగ్గర ఆగగానే వెనకవైపుకు వెళ్లి, చిటికెడు తీసి నాలుక చివర పెట్టుకుని, పంటికింద ఒక్కసారి నొక్కి, తుపుక్కున ఊస్తుంది. ఉప్పగా తగిలితే అది సముద్రం పక్క ఇసుక, కాంక్రీటులోని ఇనుమును తినేస్తుంది. లారీ అటునుంచి అటే వెనక్కి. జిగటగా తగిలితే మట్టి కలిసిందన్నమాట. అదీ వెనక్కే. "ఏటి ఇసుకే అమ్మా, బిల్లు మీద రాసుంది చూడండి" అని ఒక డ్రైవరు వాదించబోతే, "బిల్లు నువ్వు నమిలావా? ఇసుక నేను నమిలాను" అంది. ఆ డ్రైవరు ఆ తర్వాత ఆమె గేటుకు వచ్చేముందు తానే దారిలో బండాపి చిటికెడు నోట్లో వేసుకుని చూసుకునేవాడట!

హైవే పక్కన, పంక్చరు షాపుకూ లారీలు తూచే కాటాకూ నడుమ ఆమె డిపో. పైకప్పు లేని దుకాణం. మోకాలెత్తు గోడలు అడ్డంగా కట్టి, గోడకూ గోడకూ మధ్య సరుకు పోయించింది. నిమ్మకాయంత నలభై ఎం.ఎం. కంకర ఒకచోట, ఉసిరికాయంత ఇరవై ఒకచోట, శనగగింజంత బేబీ చిప్స్ ఒకచోట, క్రషర్ కింద రాలే రాతిపొడి, అంటే డస్టు, ఇంకోచోట. మూలన ఏటి గులకరాళ్లు. ఎండలో అవి ఎందుకూ పనికిరానట్టు బూడిదరంగులో పడి ఉంటాయి గానీ, నీళ్లు చల్లితే కొత్త పెళ్లికూతురి నగల్లా మెరుస్తాయి. గేటు దగ్గర ఓ రేకుల గది, అందులో ఓ కుర్చీ, ఓ ఫ్యాను. ఆ కుర్చీలో ఆమె కూర్చోగా చూసినవాళ్లు తక్కువ.

ఆమె మొగుడిది గడియారాలు బాగుచేసే పని. బజారు వీధిలో బీరువా అంత కొట్టు. "ఆయన సరుకు కంటికి ఆనదు, నా సరుకు కంటికి పట్టదు. మధ్యలో ఎలాగో కాపురం నడిచిపోతోంది" అని ఆమె నవ్వుతుంది.

చేసిన పనులు చెప్పుకోవడానికి ఆమె సిగ్గుపడదు. పడాల్సిన అవసరమూ లేదు. బడి మేడ మీది గదుల స్తంభాలు ఆమె కంకరతో లేచినవే. మంచినీళ్ల ట్యాంకు కట్టేటప్పుడు క్రషర్ నుంచి పలకల్లాంటి పెచ్చు రాయి వస్తే, లోడు మొత్తం వెనక్కి పంపింది. పెచ్చు రాయి బరువు కింద విరుగుతుందనీ, విరిగిన చోటునుంచే నీరు కారుతుందనీ ఆమె వాదన. ఇన్నేళ్లయినా ఆ ట్యాంకు చెమ్మగిల్లలేదు. ఆసుపత్రి ముందు వానొస్తే మోకాలిలోతు నీళ్లు నిలిచేవి. అందరూ మట్టి పోసి ఎత్తు చేయిద్దామంటే, ఆమె కందకం తవ్వించి నిండా నలభై కంకర పోయించింది. రాళ్ల సందుల్లోంచి నీరు చప్పుడు లేకుండా దిగిపోయింది. అన్నిటికన్నా ఆమెకు గర్వమైనది పార్కులో ఊయల కింద పోయించిన గులకరాళ్లు. పిల్లలు ఊయల మీంచి జారిపడితే గుండ్రటి రాళ్లు ధాన్యపు రాశిలా పక్కకు జరిగి, పడ్డవాణ్ణి మెత్తగా అందుకుంటాయి. "ఆ ఊయల కింద ఒక్క మోకాలు చిట్లిందని ఎవరైనా చెప్పమనండి!" అని సవాలు చేసేది. ఎవరూ చెప్పలేదు.

ఆ గర్వమే ఆమెను ఒకసారి బోల్తా కొట్టించింది. ఆమెను కాదు, పాపం, వాళ్ల బావని.

బావ అంటే సొంత అక్క మొగుడు. ఊరందరికీ లారీ బావ. మీసం మొలిచిన దగ్గర్నుంచీ కంకర లారీ తోలినవాడు. పిన్ని ఈ వ్యాపారంలోకి రావడానికీ ఆయనే కారణం. ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఒకాయన చిప్స్ తెప్పించుకుని, తీరా లారీ వచ్చాక వద్దన్నాడు. బావ ఆ లోడంతా గడియారాల కొట్టు పక్కనున్న ఖాళీ స్థలంలో దింపేసి, "మరదలా, దీన్ని ఎవరికైనా అంటగట్టు, నీకు పుణ్యముంటుంది" అని వెళ్లిపోయాడు. ఆయన మళ్లీ ఆ దారిన వచ్చేసరికి అక్కడ ఊడ్చిన నేల తప్ప గింజ లేదు. మరదలు గంపల లెక్కన అమ్మేసి, కొంగు బిగించి, "ఇంకో లోడు ఎప్పుడు తెస్తావు?" అని నిలదీసింది. బావ కొడుకు చిన్నప్పుడు బండిలో కూర్చుని డిపోకు వచ్చి "పిన్నీ, పిన్నీ" అని పిలిచేవాడు. డ్రైవర్ల నోళ్లలో పడి ఆమె ఊరంతటికీ కంకర పిన్ని అయి కూర్చుంది.

బావకు చూపు ఒక్కసారిగా పోలేదు. మొదట రాత్రిపూట బండి తోలడం మానేశాడు. తర్వాత పగలు కూడా. తర్వాత ఎదుట నిలబడ్డవాళ్లను గొంతు బట్టి గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. డాక్టర్లు చేయగలిగింది చేశారు. చివరికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ మిగల్లేదు. అయినా మనిషి మూలన కూర్చోలేదు. ఇంటి వెనక గుమ్మం దిగి, పెరడు దాటి వెళితే చివర ఇనప గేటు, గేటు అవతల లారీలు తిరిగే రోడ్డు. గేటు పక్కన చెట్టు కింద ఓ బల్ల. పొద్దున్నే కర్ర పట్టుకుని అక్కడికి నడిచి కూర్చునేవాడు. వచ్చేపోయే లారీలను చెవితో చూసేవాడు. "ఖాళీ బండి." "నిండు బండి, ఇసుక, తడిది." "ఒరేయ్, వెనక కుడి చక్రంలో గాలి తక్కువుంది, చూసుకో!" డ్రైవరు దిగి చూస్తే నిజంగానే తక్కువుండేది. కంకర పిన్ని డిపోకు వచ్చే ప్రతి బండీ ఆ గేటు ముందు హారన్ కొట్టి, లారీ బావ ఏమంటాడో విని గానీ కదిలేది కాదు. ఆ బల్ల ఆయనకు ఉద్యోగం.

చిక్కంతా వానలతో వచ్చింది. పెరడంతా బురద. కర్ర దిగబడుతుంది, చెప్పు ఊడిపోతుంది. అక్క ఆయన వెనకే పరుగు. "వానలు తగ్గేదాకా లోపలే కూర్చోండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అని ఆమె గోల. ఆయన వినడు.

"నేనుండగా నీకు దిగులెందుకే? బావకి దారి నేను పోస్తా" అంది పిన్ని.

పోసింది. మామూలుగా కాదు, ఊరేగింపుగా. డిపోలో ఉన్న గులకరాళ్లను జల్లెడ పట్టించి, కడిగించి, ఒక్క పగుల్రాయి లేకుండా ఏరించి, గుమ్మం నుంచి గేటుదాకా పరిపించింది. బావ పాదాలకు గుచ్చుకోకూడదు. ఒకవేళ పడినా ఊయల కింద పిల్లల్లా మెత్తగా పడాలి. ఆమె ఆలోచన అదీ. వాన చినుకులు పడగానే దారంతా మెరిసింది. పక్కింటివాళ్లు గోడమీంచి తొంగిచూసి, మా ఇంట్లోనూ పోయించమని అడిగారు. పిన్ని మెడ జానెడు పొడుగైంది.

వారం తిరక్కుండానే బావ పడ్డాడు. మడమ కింద రాళ్లు దొర్లాయి, కర్ర ఓ పక్కకు, మనిషి ఓ పక్కకు. రాళ్ల మీద పడ్డంతవరకు మెత్తగానే పడ్డాడు గానీ, మోచేయి మాత్రం రాళ్లు దాటి, దారి మలుపులో ఉన్న కుళాయి దిమ్మకు కొట్టుకుంది. చేతికి కట్టుకట్టి మెడకు వేలాడదీశారు.

పిన్ని పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది.

"రావే తల్లీ రా! ఊరందరికీ రాళ్ల నీతులు చెప్తావు, ఇంటికొచ్చేసరికి ఆయన్ని గోళీల మీద నడిపించావు కదే!"

పిన్ని వంగి, గుమ్మం ముందున్న ఓ గులకరాయి ఏరి గుప్పిట్లో పట్టుకుంది.  

"పోనీవే, చెల్లెల్ని అనకు" అని లోపల మంచం మీంచి బావ గొంతు.

"మీరు మాట్లాడకండి! మీకూ మీ మరదలికీ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు!"

అప్పటికే అక్క కొడుకు నిర్ణయం తీసేసుకున్నాడు. మంచివాడే, తండ్రంటే ప్రాణం. పడ్డ తండ్రిని చేతులమీద ఎత్తుకుని లోపలికి తెచ్చినవాడు వాడే, ఆ బరువు ఇంకా వాడి చేతుల్లోంచి దిగలేదు. పక్కన మేస్త్రీ ఉన్నాడు. ఎక్కడికెళ్లినా చేతిలో లెవెల్ చూసే బద్ద వదలడు కాబట్టి అతన్ని లెవెల్ మేస్త్రీ అంటారు.

"పిన్నీ, ఇక లాభం లేదు. ఆదివారం పెరడంతా కాంక్రీటు వేయించేస్తున్నా. వెనక తలుపుకి తాళం. నాన్నకి బయట గాలి కావాలంటే మేమెవరమైనా చెయ్యి పట్టుకుని తిప్పుతాం."

"అద్దంలా చేసిపెడతా, చీమ కూడా జారదు" అన్నాడు లెవెల్ మేస్త్రీ.

"అద్దం మీద చీమ జారదేమో, తడిస్తే మనిషి జారతాడు" అంది పిన్ని.  "పైగా అంతా ఒకేలా ఉంటే మీ నాన్నకి తను ఎక్కడున్నాడో ఏం తెలుస్తుందిరా?"

"తెలియక్కర్లేదు పిన్నీ, మేం ఉంటాం కదా. సరుకు నీ దగ్గర్నుంచే పంపించు. ఇంకెక్కడా తీసుకోను."

అదీ అసలు దెబ్బ. తలుపుకు తాళం పడితే బావ బల్ల పోతుంది, చెవితో చూసే లారీలు పోతాయి. ఎవరి ఖాళీ కోసమో ఎదురుచూస్తూ మంచం మీద కూర్చునే మనిషవుతాడు. ఆ పనికి కావలసిన కంకర తన చేత్తో తనే పంపాలి. పంపనంటే వాడు ఇంకోచోట పెచ్చు రాయి కొంటాడు.

"పంపిస్తా" అంది. "కానీ ఆదివారం దాకా ఈ పెరడు నాది. నా ఇష్టమొచ్చింది పోసుకుంటా."

అక్క కొడుకు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ ఉదారంగా చెయ్యి ఊపాడు. "పోసుకోండమ్మా. మీరు అడుగున నేల గట్టిపడేలా దిమ్మిస కొట్టించారంటే నాకే పని తగ్గుతుంది. దానిమీదే కాంక్రీటు వేసేస్తా."

తెల్లారి డిపోలో ఒక వింత జరిగింది. పిన్ని జాగా ఊడ్పించి, ఒక్కో రకం రాయినీ చాపంత మేర పరిపించి, తువ్వాలుతో కళ్లకు గంతలు కట్టుకుంది.

"దాగుడుమూతలా పిన్నీ? మేం దాక్కోవాలా?" అని జల్లెడ పట్టే ఆడకూలీ అడిగితే, మిగతావాళ్లు పారలు దించేసి చూడ్డానికి చేరారు.

ఆమె గులకరాళ్ల మీద కాలు పెట్టింది. రోజుకు వందసార్లు వాటిమీద తిరిగే మనిషి. గంతలతో కాలు వేసీ వేయగానే సర్రున జారింది, కూలీ భుజం పట్టుకోకపోతే బోర్లాపడేదే. గంతలు తీసి మళ్లీ నడిచింది, ఏమీ కాలేదు. అప్పుడు అర్థమైంది. కళ్లున్నవాడి కాలు రాయిని ముందే చూసుకుని, సర్దుకుని దిగుతుంది. కళ్లు లేనివాడి కాలు నమ్మకం మీద దిగుతుంది. ఆ కాలి కిందకు, పక్కకు జరిగిపోవడమే గుణంగా ఉన్న రాళ్లు పోసింది తను.

తర్వాత ఇరవై కంకర మీద నడిచింది. కోణాలున్న రాళ్లు, ఒకదానికొకటి కొరుక్కుని పట్టుకుంటాయి, కదలవు. కానీ ముళ్లమీద నడిచినట్టుంది. తర్వాత బేబీ చిప్స్‌లో డస్టు కలిపి, తడిపి, దిమ్మిస కొట్టిన చోట కాలు పెట్టింది. గట్టి నేల! గుచ్చదు, జారదు. హుషారుగా చకచకా నడిచి, నేరుగా వెళ్లి ఇసుక గుట్టలో మొహం పెట్టింది.

కూలీలు నవ్వలేక చచ్చారు. ఆమె ఇసుక ఊసుకుంటూ, "మట్టి లేదు, మంచి ఇసుకే" అంది. ఇంకా నవ్వారు. కానీ ఆమె నవ్వు సగంలోనే ఆగిపోయింది. కాలు నిలిచింది సరే, దారి ఎక్కడ అయిపోయిందో తెలియలేదు కదా? గట్టి నేల మూగగా ఉంది.

సాయంత్రం మొగుడి కొట్టు మెట్టుమీద కూలబడి ఆ గోడంతా వెళ్లబోసుకుంది. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని ఓ పాత చేతిగడియారం విప్పుతున్నాడు. అన్నీ విని, మూత బిగించి, గడియారాన్ని చెవికి ఆనించుకున్నాడు.

"వింటున్నారా నేను చెప్పేది?"

"రెండూ వింటున్నా. నా పనిలో సగం చెవితోనే కదా. కంటికి కనపడని దుమ్ము పడ్డా గడియారం నడక మారుతుంది, చప్పుడులో దొరికిపోతుంది." గడియారం కింద పెట్టి ఆమెను చూశాడు. "మీ బావ కూడా లారీల్ని చెవితోనే చూస్తాడుగా. అయినా నీ దగ్గరున్నన్ని రాళ్లలో నోరున్న రాయి ఒక్కటీ లేదా?"

పిన్ని లేచి నిలబడింది. రాయి బరువు ఆమెకు తెలుసు, సైజు తెలుసు, రంగు తెలుసు, ఇసుక రుచి కూడా తెలుసు. ఇన్నేళ్లలో చప్పుడు ఒక్కటే వదిలేసింది.

మర్నాడు పొద్దున్నే గంపలతో బావ ముందు వాలింది. వెనక గుమ్మం మెట్లమీద ఆయన్ని కూర్చోబెట్టి, కాళ్ల దగ్గర కుప్పలు పోసింది. అక్క చేతులు కట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మళ్లీ రాళ్లేనా?"

"నువ్వుండవే. బావా, ముందు ఒకటి చెప్పు. నలభై ఏళ్లు రాళ్లు మోసినవాడివి. గులకరాళ్లు దొర్లుతాయని నీకు తెలీదా?"

బావ కర్రతో నేలమీద గీతలు గీశాడు. "మొదటి అడుగులోనే తెలిసింది."

"మరి చెప్పవేం?"

"నువ్వు అంత ముచ్చటపడి, కడిగి, ఏరి పోశావు. పక్కింటివాళ్లు కూడా మెచ్చుకుంటున్నారు. ఎలా చెప్పమంటావు మరదలా? మెల్లిగా నడిస్తే సరిపోతుందిలే అనుకున్నా."

"ఆ మొహమాటమే నీ మోచెయ్యి విరగ్గొట్టింది!" అని అక్క కళ్లొత్తుకుంది.

"అసలు గుండ్రాయి ఎందుకు పోశావు నువ్వు? నాకన్నా నీకే తెలుసు కదా?" అని బావ అడిగాడు.

"పడితే దెబ్బ తగలకూడదని" అంది పిన్ని, మెల్లగా.

బావ పగలబడి నవ్వాడు. కట్టుకట్టిన చెయ్యి నొప్పెడితే ఆపుకున్నాడు. "పడ్డానికైతే మంచమే చాలుగా, దారెందుకే? నేను నడుస్తానని ఎవరూ అనుకోరేంటి ఈ ఇంట్లో?"

ఆ మాటకు అక్క కూడా తలుపు వదిలి కింద కూర్చుంది.

ఆ తర్వాత బావే మేస్త్రీ అయిపోయాడు. పిన్ని ఒక్కో కుప్పా జరుపుతుంటే బాగున్న చేత్తో గుప్పెడు తీసి, వేళ్లమధ్య నలిపి, చెవి దగ్గర గలగలలాడించి చూశాడు. "ఇందులో పెచ్చు ఎక్కువుంది, మార్చు." "ఇది బాగుంది. ఎక్కడి క్రషర్‌ది, కొండవతలదేనా?" అవునంది పిన్ని. "చెప్పానా! ఆ రాయి గంటలా మోగుతుంది."

శుక్ర, శనివారాలు పెరట్లో దిమ్మిస మోత. గులకరాళ్లన్నీ ఎత్తించారు. బురద మట్టి తీసేసి అడుగున నలభై కంకర పరిచారు, నీరు దిగిపోవడానికి. దానిమీద చిప్స్, డస్టు కలిపి తడిపి దిమ్మిస కొట్టారు. నడుమ కాస్త ఎత్తు, పక్కలకు వాలు, చుక్క నీరు నిలవకుండా. కర్ర తగిలించి నడవడానికి రెండు పక్కలా ఇటుక అంచులు కట్టి, అంచుకవతల సన్నని కాలువల్లా తవ్వి వాటిలో పోశారు ఆ గులకరాళ్లను. అక్కడ కాలు పడదు, కర్ర ఒక్కటే పడుతుంది, పడగానే గలగలమంటాయి. కుళాయి దగ్గర మలుపుకు ముందు దారికి అడ్డంగా ఒక పట్టీ, గేటుకు ముందు ఇంకో పట్టీ, డస్టు కలపని బేబీ చిప్స్ పలచగా, దిమ్మిస కొట్టకుండా. కాలు పెడితే కరకరమంటాయి. ఈ చప్పుడు వస్తే మలుపు, రెండోసారి వస్తే గేటు.

శనివారం సాయంత్రం లెవెల్ మేస్త్రీ వచ్చి బద్ద పెట్టి చూసి, "వాలు బాగా కుదిరిందమ్మా. రేపు దీనిమీద నా కాంక్రీటు రాజాలా కూర్చుంటుంది" అని మెచ్చుకున్నాడు. పిన్నికి ఒళ్లు మండింది. బావను నడిపించి చూపిద్దామంటే అక్క కొడుకు ఒప్పుకోలేదు. "ఇంకోసారి పడితే నేను తట్టుకోలేను పిన్నీ. దణ్ణం పెడతా, వద్దు." వాడి కళ్లల్లో నీళ్లు చూసి ఆమె పట్టు వదిలేసింది. డిపోకు వెళ్లి కాంక్రీటు కోసం కంకర తనే దగ్గరుండి ఎత్తించింది. పెచ్చు లేకుండా, దుమ్ము లేకుండా కడిగించి మరీ. తనకు గిట్టని పనికైనా నాసిరకం పంపడం ఆమెకు చేతకాదు.

ఆదివారం పొద్దున్న ఇంటినిండా మనుషులు. మేస్త్రీ మనుషులు పారలు, గమేళాలు మోస్తూ ముందు తలుపులోంచి వెనక తలుపులోకి తిరుగుతున్నారు. రాత్రి వెనక తలుపుకు వేసిన తాళం ఎవరు తీశారో, ఎవరికీ గుర్తులేదు. అందరూ ముందు గదిలో టీలు తాగుతుండగా గేటు దగ్గర లారీ వచ్చిన చప్పుడైంది. అక్క కొడుకు గ్లాసు పట్టుకునే లేచాడు.

అంతలో పెరట్లోంచి ఓ గొంతు. ఇంట్లో కొన్నేళ్లుగా ఎవరూ విననంత పెద్ద గొంతు.

"రానీ, రానీ, రానీ! ఎడమ కొట్టు! ఇంకా ఎడమ! కాలవ ఉందిరా అటుపక్క! నిదానం... రానీ... ఆపు! ఆపమన్నానా!"

బ్రేకు కీచుమంది.

అందరూ వెనక్కి పరుగెత్తారు. గేటు రెండు రెక్కలూ తెరిచి ఉన్నాయి. లారీ బావ ఒంటిచేత్తో కర్ర పైకెత్తి గేటు మధ్యలో నిలబడ్డాడు. వెనక్కి వస్తున్న లారీ వెనక చక్రం రోడ్డు పక్క మురుగు కాలువ అంచుకు బెత్తెడు దూరంలో ఆగి ఉంది. డ్రైవరు కిందకు దిగి, ఆ చక్రాన్నీ ఆయన్నీ మార్చిమార్చి చూస్తూ బుర్ర గోక్కుంటున్నాడు. "అంచున మట్టి రాలుతున్న చప్పుడు నీకు వినపళ్లేదా?" అని బావ వాణ్ణి చీవాట్లు పెడుతున్నాడు.

అక్క గుండెమీద చెయ్యి పెట్టుకుంది. కొడుకు దారిని అటునుంచి ఇటు చూశాడు. దారికి అడ్డంగా పరచిన రెండు చిప్స్ పట్టీల మీదా చెప్పుల గుర్తులు, తిన్నగా, మధ్యలో.

"ఎలా వచ్చావు నాన్నా?"

"ఎలా వస్తారురా? నడిచి." ఆయన ఇటు తిరిగాడు. "లోడు ఎక్కడ దింపాలో చెప్పు, బండిని నిలబెట్టకూడదు. నా దారి మీద మాత్రం వద్దు."

లెవెల్ మేస్త్రీ దగ్గాడు. "మరి... పని?"

అక్క కొడుకు చేతిలో టీ చల్లారిపోయింది.  కళ్లు తుడుచుకోవడానికి గ్లాసు అడ్డొస్తే అది మేస్త్రీకి అందించాడు. "ఇంటి ముందు స్కూటర్ల షెడ్డులో నేల వేద్దాం మేస్త్రీగారూ. అద్దంలా చెయ్యండి." తర్వాత తలుపుకు వేలాడుతున్న తాళం ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

కంకర పిన్ని లారీ వెనక ఉంది. డ్రైవరు పక్కన కూర్చుని వచ్చింది ఆమే.  ఇప్పుడు కొంగు దోపుకుని, ఊరంతా వినేట్టు మొదలుపెట్టింది: "చూశావా అక్కా? చూశారా మేస్త్రీగారూ? బడి మేడ సంగతి వేరు, ట్యాంకు సంగతి వేరు..."

"మరదలా" అని పిలిచాడు బావ.

"ఏంటి బావా?"

"గేటు ముందు పట్టీలో చిప్స్ చాల్లేదు. కరకర సరిగా రాలేదు. ఇంకో గంప పొయ్యి."

"ఇంతదూరం నడిచొచ్చి కూడా వంకేనా?"

"నడిచాను కాబట్టేగా వంక తెలిసింది!"

అక్క ముందు నవ్వింది. ఆ తర్వాత అందరూ. పిన్ని మూతి ముడుచుకుని, గంప అందుకుని, చిప్స్ కుప్ప వైపు నడిచింది. బావ కర్రతో అంచు తట్టుకుంటూ, గలగల చప్పుడు వెంట తన బల్ల దగ్గరకు వెళ్లి కూర్చున్నాడు. రోడ్డుమీద ఇంకో లారీ వస్తోంది.

"ఖాళీ బండి" అన్నాడు. హారన్ మోగింది.